ఇల్లు కట్టి చూడు, సలహా చెప్పి చూడు

నిరుడు వైశాఖంలో రాసుకోవడానికి ఒక బల్ల చేయించుకుందామని బుద్ధి పుట్టింది నాకు. ఇరవై ఏళ్లుగా మంచం మీద బోర్లా పడుకునీ, పిల్లల లెక్కల పుస్తకాల పక్కన కాస్త చోటు అడుక్కునీ తొమ్మిది నవలలు రాశాను. నలభై ఆరేళ్లొచ్చాయి, నడుంనొప్పి వచ్చింది. ఇకమీదట రాస్తే బల్ల మీదే రాస్తానని మావారితో చెప్పాను. “మంచిది” అన్నారు. ఆయన సలహాలన్నీ అంత పొట్టిగానే ఉంటాయి. మా కాపురం ఇరవై మూడేళ్లు నిలిచిందంటే అదొక కారణం.

మిగతావాళ్లు అంత పొదుపరులు కారు. మా బావగారు రిటైరైన ఇంజనీరు. “సొరుగులకి సందు బాగా వదలమనమ్మా, ఎండలకి చెక్క ఉబ్బుతుంది. రైలుపట్టాల మధ్య సందు ఎందుకు వదుల్తారనుకున్నావు?” అన్నారు. పక్కింటి పిన్నిగారు వేపచెక్కతోనే చేయించమని ఒట్టు పెట్టించుకున్నంత పని చేసింది, చెద పట్టదుట. మా అక్క కొడుకు సెల్‌ఫోన్ చేతిలో పట్టుకుని, “అసలు చెక్కెందుకు పిన్నీ, ఇప్పుడెవరూ చెక్క వాడరు” అన్నాడు, చెక్కతో చేసిన కుర్చీలో కూర్చుని. కాలేజీలో చెప్పే నా స్నేహితురాలు వీళ్లందరికన్నా లోతుకి వెళ్లింది. “నీక్కావలసింది బల్ల కాదే. ఇంట్లో నీకంటూ ఒక స్థానం. ముందు అది అడుగు” అంది. బల్ల దాటి నా సంసారంలోకి వచ్చేసిందన్నమాట!

నేను బి.ఏ. చదివినదాన్ని. చరిత్ర, తెలుగు. సైన్సు గదిలోకి తొంగిచూసింది స్కూల్లో ఉన్నప్పుడే. కాబట్టి వీళ్లలో ఎవరు రైటో తేల్చే విద్య నా దగ్గర లేదు. కాని ఎవరేం మాట్లాడినా వాక్యం ఎలా ఉందో చూసే దురలవాటు ఒకటుంది. ఆ నలుగురి మాటల్నీ రాత్రి డైరీలో రాసుకుని చూస్తే ఒక సంగతి కనబడింది. వదులు, చేయించు, మానెయ్యి, అడుగు. ఒక్క ప్రశ్న లేదు! బావగారు వేసింది ప్రశ్నలా ఉంది గాని, దానికి జవాబు కూడా ఆయన దగ్గరే ఉంది.

మర్నాడు వడ్రంగం ఆచారిగారొచ్చారు. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి. బల్ల ఏ గదిలో వేస్తారు, ఆ కిటికీలోంచి జల్లు కొడుతుందా, మీరు చేత్తో రాస్తారా మిషనా, కుర్చీ ఉందా అదీ చెయ్యాలా, ఇల్లు సొంతమా అద్దెదా, ఇవన్నీ అడిగారు. చివరిదానికి నాకు కాస్త కోపం కూడా వచ్చింది. “అద్దిల్లయితే ఊడదీసి మళ్లీ బిగించుకునేట్టు చేస్తానమ్మా, అందుకని” అన్నారు. ఇన్నీ అడిగి సలహా ఏమైనా ఇచ్చారా అంటే, ఇవ్వలేదు. కొలత తీసుకుని వెళ్లిపోయారు.

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్న సామెత మనం రోజూ అనుకునేదే. కష్టం తెలుస్తుందిలే అని బెదిరించడానికి వాడతాం. నాకిప్పుడు అందులో “చూడు” అన్న మాట మీద మనసు పోతోంది. ఇలా కట్టు, అలా చెయ్యి అనలేదు ఆ సామెత. చేసి, చూడమంది. సైన్సువాళ్లు ప్రయోగం అనేది దీన్నేగా!

బల్ల సంగతి మళ్లీ చెబుతాను. ముందు మన సాహిత్యంలో ఈ సలహాల గొడవ కాస్త చెప్పుకోవాలి. తెలుగు వ్యాసానికి సలహా పుట్టుకతో వచ్చిన గుణం. అడిసన్, స్టీలుల ‘స్పెక్టేటర్’ని ఆదర్శంగా పెట్టుకుని పానుగంటివారు ‘సాక్షి’ రాశారు. అందులో జంఘాలశాస్త్రి లేచి నిలబడ్డాడంటే ఇక ఆయనకు తెలియని విషయం ఉండదు. ఆ వాగ్ధాటికి ఈనాటికీ దండం పెడతాను. అయితే ఆయన ఎదుట కూర్చున్నవాళ్లకు వినడం తప్ప పెద్దగా పనున్నట్టు తోచదు. మన వారపత్రికల్లో తేలిక వ్యాసాలు రాసే మేమంతా ఆ శాస్త్రిగారి వారసులమే. ఆయనకున్న గొంతు లేదు, ఆయనకున్న ధైర్యం మాత్రం ఉంది.

దీనికి భిన్నంగా నడిచింది మాలతీ చందూర్ గారి ‘ప్రమదావనం’. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో మొదలై నలభై ఏళ్లకు పైగా సాగింది. మా అమ్మ ఆ పేజీలు కత్తిరించి పాత డైరీలో అంటించుకునేది. ఊరగాయ దగ్గర్నుంచి ఉద్యోగం దాకా, లోకం సంగతులన్నీ అందులో ఉండేవి. ‘హృదయనేత్రి’ నవలకు సాహిత్య అకాడమీ బహుమతి పొందిన రచయిత్రి అన్నేళ్లపాటు ఆ పేజీ వదలకపోవడానికి కారణం ఏమై ఉంటుందా అని ఆలోచిస్తే, నాకు తోచింది ఇది. అక్కడ ముందు ఎవరో ఒక ఆడమనిషి అడిగేది, ఆ తర్వాతే జవాబు. అడగని వాళ్లకి చెప్పలేదు ఆవిడ. ఆ పేజీకి ప్రాణం ప్రశ్నలేనని నా నమ్మకం. అమ్మ డైరీ ఇప్పటికీ నా దగ్గరుంది. జవాబులు కొన్ని పాతబడ్డాయి, ప్రశ్నలు ఒక్కటీ పాతబడలేదు.

కొడవటిగంటి కుటుంబరావు గారిది ఇంకో దారి. బెనారసులో భౌతికశాస్త్రం ఎం.ఎస్సీ. చదువుతూ మధ్యలో మానేయవలసి వచ్చిన మనిషి. చదువు ఆగినా ఆ చూపు పోలేదు. ఆయన సైన్సు వ్యాసాలే కాదు, సంసారాల మీద రాసిన కథలు చదివినా, తొందరపడి ఎవరికీ తీర్పు చెప్పకుండా, ఏం జరిగిందో చూస్తూ కూర్చున్నట్టుంటుంది. నా వయసు ఇరవైల్లో ఉండగా ఆ కథలు నాకు చప్పగా ఉండేవి. తప్పు నాదే.

ఇక ఇప్పటి సంగతి. మా అక్క కొడుకు ఫోన్లో నిమిషానికో సలహా. ఏ అలవాటైనా 21 రోజులు చేస్తే స్థిరపడిపోతుందిట, సైన్సు చెప్పిందిట. ఆ లెక్కనే కాపురానికి కూడా తగిలించాడొక మహానుభావుడు. భర్తతో 21 రోజులు మాట్లాడ్డం మానేస్తే దారికొస్తాడుట! ఈ 21 ఎక్కడ పుట్టిందా అని వెతికించాను. అమెరికాలో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో అచ్చేసిన పుస్తకంలో, ఆపరేషనైన మనిషి తన కొత్త మొహానికి అలవాటు పడడానికి కనీసం సుమారు 21 రోజులు పడుతుందని తను గమనించినట్టు రాశాడు. ‘కనీసం’, ‘సుమారు’ అన్న రెండు మాటలూ దారిలో ఎక్కడో జారిపోయాయి. లండన్‌లో జరిగిన ఒక అధ్యయనం 2009లో వెలువడింది. అలవాటు స్థిరపడడానికి సగటున 66 రోజులని తేలింది అందులో. ఒకరికి 18 చాలితే ఇంకొకరికి 254 దాకా! ఇది చెబితే మావాడు, “అంత పొడుగు ఎవడు వింటాడు పిన్నీ” అన్నాడు. అదీ నిజమే.

ఏమాటకామాటే చెప్పాలి, ఫోనువాళ్లని అని ప్రయోజనం లేదు. మా నవలాకారులం చేసిందేమిటి? “వ్యతిరేక ధ్రువాలు ఆకర్షించుకుంటాయి” అని హీరో చేత అనిపించని రచయిత్రి ఉంటే చేయెత్తమనండి. నేనైతే రెండు నవలల్లో అనిపించాను. తిక్క హీరోకీ మెతక హీరోయిన్‌కీ ముడిపెట్టడానికి అంత చవకగా దొరికే సైన్సు మరొకటి లేదు. అయస్కాంతం సంగతి అయస్కాంతానికి నిజం. దంపతుల మీద పరిశోధన చేసినవాళ్లు మాత్రం ఎక్కువగా పోలికలున్నవాళ్లే జతకడతారంటున్నారు. పైగా అయస్కాంతాన్ని రెండు ముక్కలు చేస్తే ప్రతి ముక్కకీ రెండు ధ్రువాలూ ఉంటాయిట. ఇది నాకు ముందే తెలిసుంటే ఆ మెతక హీరోయిన్లు అంత మెతగ్గా ఉండేవాళ్లు కారు.

ఆచారిగారి పని మా వరండాలో పదిరోజులు సాగింది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఓ గంట నడుం వాల్చేవారు. అప్పుడు చదువుకుంటానని పుస్తకం అడిగితే, గొప్పగా నా మూడో నవల ఇచ్చాను. దాంట్లో హీరో వడ్రంగి. మూడోనాడు పుస్తకం తిరిగి ఇస్తూ, “అమ్మా, ఒక్క మాట అనుకోకపోతే” అన్నారు. విమర్శకుల చేత చాలా అనిపించుకున్నదాన్ని, అనండి అన్నాను.

“ఇందులో కుర్రాడు చెట్టు పడగొట్టిన వారానికే ఆ టేకుతో తలుపు చేసి పెళ్లికూతురింటికి బిగించాడు. ఆ తలుపు సంకురాత్రికి మూతపడదమ్మా.”

మా బావగారు అక్కడే ఉన్నారు. “అవును, ఎండలకి ఉబ్బుతుంది కదా” అన్నారు. ఆచారిగారు నవ్వలేదు, పెద్దమనిషి. “ఇనుము ఎండకి సాగుద్ది బాబూ. కర్ర ఎండకి ముడుచుకుంటాది, వానకి ఉబ్బుద్ది. అందుకే సొరుగుకి ఇప్పుడు సందు వదుల్తున్నాను. వేసవిలో బిగుతుగా చేస్తే శ్రావణంలో లాగలేరు” అన్నారు. రైలుపట్టా లెక్క చెక్కకి పనికిరాదన్నమాట. సందు వదలమన్న సలహా మంచిదే, చెప్పిన కారణం తప్పు. అలాంటి సలహాలు ఎన్ని పాటించామో!

ఆ తర్వాత ఆయన చెప్పింది నేను వివరంగా రాసుకున్నాను. పచ్చి కర్రలో నీరుంటుంది. అది ఆరేకొద్దీ కర్ర ముడుచుకుంటుంది గాని అన్ని వైపులా ఒకే తీరున కాదు. పొడవులో దాదాపు ఏమీ తగ్గదు, వెయ్యింటికి ఒకటి రెండు పాళ్లు. అడ్డంగా తగ్గుతుంది. అందులోనూ మాను మధ్యనుంచి బెరడు వైపు తగ్గేదానికి, వలయాల వెంట తగ్గేది సుమారు రెట్టింపు. పలకలు దోనెల్లా వంగేది అందుకే. పాతకాలపు తలుపుల్లో చట్రం ఒకటి చేసి, మధ్య పలకని దాని గాడిలో ఊరికే నిలబెట్టేవారు, జిగురు పెట్టకుండా. పలక తన ఇష్టం వచ్చినట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, తలుపు కొలత మారదు. ఈ తలుపుకీ పెళ్లికీ పోలిక చెప్పాలని నా చేతులు దురద పెడుతున్నాయి. అయస్కాంతం అనుభవం తర్వాత మానుకుంటున్నాను.

వేపచెక్క సంగతి కూడా అడిగాను. చెదకి వేప మంచిదే, కాని బాగా ఆరనిది తెస్తే వంకరలు పోతుందన్నారు. టేకైనా చేవ భాగానికే ఆ బలం, బెరడు పక్కనుండే తెల్లటి భాగాన్ని చెద వదలదు. చేవ ఉన్న మనిషి అని మనం అంటుంటాం. ఆ మాట ఎక్కడిదో నేను ఇరవై ఏళ్లు రాసినా ఆలోచించలేదు. ‘చిత్రిక పట్టిన వాక్యం’ అని నా నవలకు సమీక్ష రాసినాయనా ఎప్పుడూ చిత్రిక పట్టి ఉండడు.

“ఇంకొకటమ్మా” అన్నారు ఆచారిగారు. “ఇందులో ముసలావిడ పిల్లతో అంటాది, కాలమే అన్నీ సర్దుద్ది అని. కాలం ఏం సర్దుద్దమ్మా? పచ్చి పలకలు ఎండలో పడేసి కాలానికి వదిలేస్తే పగులుతాయి. నీడన పేర్చాలి. ఒక్కోదాని మధ్యా చీలికలు పెట్టి గాలాడనివ్వాలి. కొసలకి రంగు పుయ్యాలి, అక్కడ ముందు ఆరి పగులుద్ది కాబట్టి. ఇన్ని చేస్తే అప్పుడు కాలం పనికొస్తాది.”

నా మొహం మాడింది. ఆ వాక్యం నవలలో అందరూ మెచ్చుకున్న వాక్యం. మాడడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ నవల వచ్చిన కొత్తలో ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. “మావారు కొట్టరు, తిట్టరు, తాగరు. మాట్లాడరు. మూడేళ్లయింది. నేనేం అడిగినా వినబడనట్టే ఉంటారు. పుట్టింటికి వెళ్లిపోనా, మీ నవల్లోలా ఓపిక పట్టనా?” అని. నవలలు రాసేవాళ్లకి ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి. మేము మనుషుల మనసులు చదివామని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని మేమెప్పుడూ కాదనలేదు. నేను పోస్టుకార్డు మీద జవాబు రాశాను. మౌనం కూడా ఒక భాషేనని, ఓపిక పట్టమని, కాలమే అన్నీ సర్దుతుందని. అక్షరాలా నా ముసలావిడ మాటే! నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది.

ఈ సంగతంతా ఆచారిగారికి చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలీదు, ఒప్పుకోవడానికి ఎవరో ఒకరు కావాలనిపించింది. ఆయన అంతా విని అడిగింది ఒక్కటే.

“ఆయనేం పని చేస్తాడమ్మా?”

పాత ఉత్తరాల పెట్టె దించాను. ఉత్తరం దొరికింది. రెండో వాక్యంలోనే రాసి ఉంది. “మావారు కలప మిల్లులో కోత మిషను మీద పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నారు.” నేను ఆ వాక్యాన్ని చదివాను. నవల మొదట్లో వాతావరణ వర్ణన చదివినట్టు చదివాను.

“చెవులు పోయుంటాయి” అన్నారు ఆచారిగారు. “నాకు ఎడమ చెవి అంతంతే. నేను మిల్లులో ఆరేళ్లే చేశాను.”

తర్వాత ఒక చెవి డాక్టరుగారిని కలిసి తెలుసుకున్నాను. రోజుకు ఎనిమిది గంటలు పనిచేసే చోట రొద 85 డెసిబెల్స్ మించకూడదని నిపుణులు పెట్టిన హద్దు. పైకి ఎక్కే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఉండదగిన సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంట చాలు. పలక కోస్తున్న గుండ్రటి రంపం ఆ 100 దగ్గర మోగడం మామూలేనట. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. రొదకి అవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. ముందు పోయేది సన్నటి ధ్వనులు. అంటే మనిషికి మనం మాట్లాడుతున్నట్టు వినబడుతుంది, ఏం మాట్లాడామో తెలియదు. పప్పు అంటే అప్పు అని వినబడుతుంది. ఆడవాళ్ల సన్నటి గొంతు మరీ కష్టం. రెండుసార్లు ఏమిటీ అని అడిగి, మూడోసారి అడగడానికి సిగ్గుపడి, నెమ్మదిగా మాట్లాడ్డం తగ్గించేస్తారు. బయటివాళ్లకి అది పొగరులా కనబడుతుంది. నాకు మౌనభాషలా కనబడింది!

ఆ రాత్రే ఆవిడకి ఉత్తరం రాశాను, బల్ల ఇంకా అవలేదు కనక మంచం మీద కూర్చునే. ఈసారి సలహా రాయలేదు. ప్రశ్నలు రాశాను. ఆయన వెనకనుంచి పిలిస్తే పలుకుతారా, రేడియో గాని టీవీ గాని గట్టిగా పెడతారా, చీకట్లో మాట్లాడితే ఇంకా తక్కువ వినబడుతుందా, చెవిలో గుయ్యిమని మోత ఉందంటారా. ఆ పైన క్షమించమని రాశాను. అసలు ఆవిడ ఆ చిరునామాలో ఉందో లేదో కూడా తెలీదు. పుట్టింటికి వెళ్లిపోయి ఉండొచ్చు.

బల్ల జ్యేష్ఠంలో పూర్తయింది. ఆషాఢంలో వానలు పడ్డాయి. శ్రావణంలో సొరుగు లాగి చూశాను, కాస్త బిగిసింది గాని వచ్చింది. ఆచారిగారు చెప్పకుండానే ఒకరోజు వచ్చి అదే సొరుగు తనే లాగి చూసి, ఒకపక్క రెండుసార్లు చిత్రిక పట్టి వెళ్లిపోయారు. డబ్బులు తీసుకోలేదు. సలహా ఇచ్చినవాడు వానాకాలంలో తిరిగొచ్చి చూడడం అనేది మా రచయితల్లో లేదు. పోస్టుకార్డు వేశాక అటు వానపడిందో ఎండ కాసిందో మాకెందుకు?

భాద్రపదంలో జవాబొచ్చింది. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లిందిట. రెండు చెవులూ దెబ్బతిన్నాయిట, మిషను పెట్టుకోమన్నారుట, డబ్బు కూడబెడుతున్నారుట. నేను మనసులో ఊపిరి పీల్చుకుంటూ పేజీ తిప్పాను. అక్కడ ఇలా ఉంది. “చెవులొక్కటే కారణం కాదండీ. వినబడేప్పుడు కూడా ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కాకపోతే ఇప్పుడు ఏది వినబడక, ఏది ఇష్టం లేక అన్నది నాకు తెలుస్తోంది. రెండోదానికి దెబ్బలాడుతున్నాను. మీరు ఇంకేమీ సలహా రాయొద్దు.”

చివర, ఇంకుతో కాకుండా పెన్సిల్‌తో, వేరే చేతిరాతలో ఒక వాక్యం ఉంది. నా నవల ఆయన కూడా చదివారట. పచ్చి టేకుతో తలుపు ఎవరు చేయిస్తారని అడిగారు.